భూమాత సహనమునకు హద్దు కలదా?



ప్రాతఃకాలమున మేల్కొనగానే, నేలపై పాదము మోపుటకు ముందు భూదేవిని క్షమింపుమని వేడుకొనుట పెద్దలు మనకు నేర్పిన ఆచారము. తల్లిని కాలితో తాకక తప్పదు. తాకుటకు ముందు మన్నింపుమని అడుగుట బిడ్డకు ధర్మము. అమరకోశమున భూమికి చెప్పబడిన నామములలో ‘క్షమ’ యనియు, ‘సర్వంసహ’ యనియు రెండు పేర్లు కలవు. ఓర్చునది కావున క్షమ. సమస్తమును ఓర్చునది కావున సర్వంసహ. ఈ పేర్లను వల్లెవేయు బాలునకు ఒక సందేహము పుట్టవచ్చును. సమస్తమును ఓర్చునదే అయినచో ప్రతిదినము క్షమాపణ ఎందులకు?

నేడు ఆ సందేహమే మరొక రూపమున లోకమంతట వినవచ్చుచున్నది. మానవుడు చేయు పనులవలన భూమి మరల బాగుపడని విధముగా చెడిపోవుచున్నదా? అవునని కొందరందురు, ఇక చేయదగినది లేదని చేతులు ముడుచుకొని కూర్చుందురు. కాదని కొందరందురు, ఇంతటి భూగోళమునకు చీమవంటి మనుష్యుడు చేయగల కీడు ఏమని నవ్వుదురు. ఈ రెండు మాటలును మనలను సోమరులను చేయునవే. శాస్త్రము చూపిన దారి ఈ రెంటికంటెను వేరు.

అథర్వవేదము పండ్రెండవ కాండమున పృథివీ సూక్తము కలదు. అందు ఋషి భూమిని త్రవ్వవలసివచ్చినపుడు రెండు కోరికలు కోరుచున్నాడు. త్రవ్వినచోటు శీఘ్రముగా మరల చిగిర్పవలెనన్నది మొదటిది. తన త్రవ్వకమువలన తల్లి మర్మస్థానమునకు దెబ్బ తగులరాదన్నది రెండవది. త్రవ్వనే త్రవ్వనని ఋషి అనలేదు. త్రవ్వక బ్రదుకు లేదు. అయితే మానునట్టి గాయము వేరు, మర్మమునకు తగిలిన దెబ్బ వేరు అని ఆయన ఎరుగును. ఈ భేదమును తెలిసికొనుటయే నేటి ప్రశ్నకు సమాధానము. దీనిని దూరదేశముల కథలతో గాక, మన నల్లగొండ, పాలమూరు సీమలలో మనము కన్న సంగతులతోనే విచారింతము.

నల్లగొండ నేలక్రింద నున్నది గ్రానైటు శిల. అందు ఫ్లోరైడు గల ఖనిజములు స్వభావముచేతనే కలవు. రాతినంటి చిరకాలము నిలిచిన నీరు ఆ ఫ్లోరైడును తనలో కరగించుకొనును. త్రాగు నీటియందు అది లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రామునకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమము. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతములందలి పల్లెలలో అంతకు మించిన నీటినే తరతరములుగా త్రాగిరి. పిల్లల పండ్లపై గోధుమవన్నె చారలు పడెను. పెద్దల కీళ్ళు బిగిసి, వెన్నెముకలు వంగెను. నడివయసునకే చేతికఱ్ఱ పట్టినవారెందరో. 1955లోనే ఈ జిల్లా ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసము వెలువడెను.

ఇచ్చట సత్యము చెప్పవలెను. రాతిలో ఫ్లోరైడును నింపినది మనుష్యుడు కాదు. లోతైన బోరుబావులు విస్తరింపక ముందే ఈ వ్యాధి కలదు. కావున దోషమంతయు మానవునిదే యనుట సరికాదు. కాని చెరువులు పూడిపోవుచుండగా వానిని విడిచి, బోరువేసి, అది ఎండినచో మరింత లోతునకు వేసి, రాతి పగుళ్ళలో చిరకాలముగా నిలిచియున్న నీటిని పైకి తెచ్చి త్రాగినది మనమే. ప్రకృతి పెట్టిన విషమునకు మన తొందరపాటు దారి వెడల్పు చేసినది.

పిమ్మట నివారణమునకు ప్రయత్నములు జరిగెను. నాగపూరులోని ‘నీరి’ అను జాతీయ పరిశోధన సంస్థవారు 1970 దశకమున పటికను, సున్నమును నీటిలో కలిపి, కలియబెట్టి, తేర్చి, వడపోసి ఫ్లోరైడును తగ్గించు ఉపాయమును కనుగొనిరి. దానికి ‘నల్లగొండ పద్ధతి’ యనియే పేరు. ఆఫ్రికాలోని టాంజానియా, ఇథియోపియా దేశములవరకు ఆ పేరు ప్రాకెను. అటుతరువాత కృష్ణాజలము గొట్టముల ద్వారా పల్లెలకు వచ్చెను. 2015లో చౌటుప్పల్ వద్ద పైలాను నిలిపిన మిషన్ భగీరథ పథకము ఇంటింటికి ఆ నీటిని చేర్చుటకు పూనుకొనెను. పుట్టినప్పటినుండి మంచినీరు త్రాగిన బిడ్డ ఈ వ్యాధి లేకయే పెరుగగలడు. ఇది గొప్ప మేలు.

ఆ పథకమునకు పెట్టిన పేరును గూర్చి ఒక్క క్షణము ఆలోచింపుడు. భగీరథుని కథకు మొదలెక్కడ? యజ్ఞాశ్వమును వెదకుచు సగరుని అరువదివేల కుమారులు భూమిని నలువైపుల త్రవ్విరి. నేల ఆక్రోశించెను, ప్రాణులు నశించెను, దేవతలు బ్రహ్మతో మొరపెట్టుకొనిరి. త్రవ్వి త్రవ్వి వారు కపిలమహర్షి యెదుటికి పోయి, ఆయన కోపమున భస్మమైరి. ఆ భస్మమును తడుపుటకు అంశుమంతుడు చాలలేదు, దిలీపుడు చాలలేదు. భగీరథుని కాలమునకు గాని గంగ దిగిరాలేదు. గంగ వచ్చి ఏమి చేసినది? సగరపుత్రులకు ఉత్తమలోకములను ఇచ్చినది. దగ్ధమైన దేహములను మాత్రము తిరిగి ఇయ్యలేదు. మన సీమలోను అంతే జరిగినది. కృష్ణమ్మ పల్లెకు వచ్చినది; రేపటి బిడ్డ ఎముకను కాపాడినది; నిన్న వంగిన వెన్నును నిటారుగా నిలుపలేకున్నది. నీరు మారును, ఎముక మారదు. ఒకే విపత్తులో తిరిగి వచ్చునదియు, తిరిగి రానిదియు ప్రక్కప్రక్కనే యున్నవి.

తిరిగి వచ్చువానికి మన చెరువులే సాక్ష్యము. తటాక నిర్మాణమును సప్తసంతానములలో ఒకటిగా పూర్వులు లెక్కించిరి. కన్నకొడుకుతో సమానమైన పుణ్యమన్నమాట. పానగల్లున ఛాయా సోమేశ్వరస్వామి సన్నిధికి చేరువనే కందూరు చోడుల నాటి ఉదయసముద్రము కలదు. సూర్యాపేట చెంత పిల్లలమఱ్ఱిలో రేచర్ల రెడ్డి ప్రభువులు శివాలయములు కట్టిరి. ఆ కాలపు ప్రభువులు గుడి కట్టినచోట చెరువును గూడ తలచిరి. మన రాతినేలలో నీరు నిలుచుటకు చోటు స్వల్పము. పైనున్న మెత్తని పొరలోను, క్రింది పగుళ్ళలోను మాత్రమే నిలుచును. చెరువు నిండినచో ఆ పొర నిండును, చుట్టుపట్ల బావులు ఊరును. చెరువు పూడినచో బావి ఎండును. పూడిక తీసినచో మరల ఊరును. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయయందు 46 వేలకు పైగా చెరువులను బాగుచేయ తలపెట్టిరి. నాగార్జునసాగరము నుండి పుట్టంగండి వద్ద ఎత్తిన కృష్ణాజలము నేడు ఆ ప్రాచీన ఉదయసముద్రమునకే చేరుచున్నది. ఇది ఋషి కోరిన మొదటి కోరిక: గాయము మానినది.

మహబూబునగరు వద్ద మరొక పిల్లలమఱ్ఱి కలదు. దాదాపు ఏడువందల ఏండ్లదని ప్రసిద్ధి చెందిన ఆ వటవృక్షము ఊడలు దించి మూడెకరముల మేర వ్యాపించినది. చూడవచ్చినవారు కొమ్మలపై ఎక్కి ఊగిరి. చెదలు పట్టి లోన తొలిచెను, కొమ్మలు విరిగిపడెను. 2018లో వైద్యులు రోగికి సెలైను ఎక్కించినట్లు, మందును బొట్లుబొట్లుగా మానులోనికి ఎక్కించి, వాలిన కొమ్మలకు ఆధారములు నిలిపి దానిని బ్రతికించిరి. సంతోషమే. కాని ఆ మాను కూలియున్నచో? కోటి రూపాయలు పోసినను ఏడువందల ఏండ్లను ఎవరును కొనలేరు. ఆ చికిత్స ఇంకను కొంత ఆలస్యమైనచో మానదగిన గాయము మర్మమునకు దిగియుండెడిది.

తిరిగి రానిదానికి అలంపురమున ఒక గుర్తు నిలిచియున్నది. శ్రీశైలము జలాశయము నిండినపుడు, కృష్ణాతుంగభద్రల సంగమమున కూడవెల్లిలో వెలసిన సంగమేశ్వరాలయము మునుగవలసివచ్చెను. శిల్పులు ఆ రాళ్ళను విప్పి తెచ్చి, జోగుళాంబా క్షేత్రమైన అలంపురమున ఆలయమును మరల నిలిపిరి. ఆ పని ప్రశంసనీయము. జలాశయమువలన వెలుగును, నీరును పొందినవారమే మనము, దానిని నిందింపరాదు. అయినను, గుడి తరలివచ్చినదే గాని, సంగమ తీరము తరలిరాలేదు. స్వామికి ఆ పేరు తెచ్చిన రేవు నీటి అడుగున నున్నది.

ఇక లోకము సంగతి. యంత్రయుగమునకు పూర్వము పదిలక్షల పాళ్ళ గాలిలో 280 పాళ్ళుండిన బొగ్గుపులుసు వాయువు నేడు 420 దాటినది. అందు చాల భాగము శతాబ్దములు గాలిలోనే నిలుచును. నేడు మానినను నిన్నటి వేడి వెంటనే తగ్గదు. చీమవంటివాడని నవ్వినవారికి ఇదే ప్రత్యుత్తరము. ఐనను, మనుష్యుడు వెనుకకు అడుగు వేయగలడనుటకును నిదర్శనము కలదు. ఆకాశమున ఓజోను పొరను తినివేయు రసాయనములను మానుటకు 1987లో మాంట్రియలు నగరమున దేశములు ఒడంబడిక చేసికొనెను. ఆ పొర నేడు మెల్లమెల్లగా కోలుకొనుచున్నది. మన దేశమున పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అను నొప్పిమందువలన, ఆ కళేబరములను తిన్న రాబందులు నూటికి తొంబదికి పైగా నశించెను. 2006లో పశువైద్యమున ఆ మందును నిషేధించిరి. మిగిలిన కొలదిపాటి పక్షులను ఇప్పుడు సాకుచున్నారు. జటాయువు కులమునకు చెందిన చివరి పక్షియు పోయినచో, ఏ నిషేధముతోను దానిని రప్పింపలేము.

ఇదంతయు కలిధర్మము, ప్రళయమునకు సూచన, మనమేమి చేయగలమని కొందరు భక్తులందురు. కలియుగ పరిమాణము 4,32,000 సంవత్సరములు. అందు గడచినవి 5,100కు కొంచెము పైన మాత్రమే. ప్రళయము ఈశ్వరుని అధీనము. దానికి ఇంకను కాలమున్నది. ఊరి చెరువు శిఖమును ఆక్రమించి, బావి ఎండినదని ప్రళయమును నిందించుట భగవదపచారము.

కావున ప్రశ్నకు సమాధానమిది. భూమికి మనము చేసిన కీడులో కొంత మరలునది, కొంత మరలనిది. ధర్మశాస్త్రము ఈ భేదమును ఎరుగును. దొంగ తాను అపహరించిన సొమ్మును ముందు సొంతదారునకు తిరిగి ఇచ్చి, పిదప ప్రాయశ్చిత్తము చేసికొనవలెనని విధి. తిరిగి ఇయ్యగలిగినచోట ప్రాయశ్చిత్తము కలదు: పూడిక తీయుట, చెట్టు నాటుట, నీరు శుద్ధి చేయుట. తిరిగి ఇయ్యలేనిచోట పశ్చాత్తాపము మిగులును గాని, పోయినది రాదు. అక్కడ ధర్మమొక్కటే: చేయకుండుట. నల్లమలలో అమ్రాబాదు అడవి పులులకును, చెంచులకును నెలవు. చైత్ర పూర్ణిమకు భక్తులు రాళ్ళదారిన నడచి సలేశ్వరము లింగమయ్యను సేవించు చోటు. అచ్చట యురేనియము త్రవ్వరాదని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానించెను. మర్మమునకు గునపము తగులక ముందే చేయిపట్టి ఆపుట అనగా ఇట్టిదే.

సర్వంసహ యను పేరునకు అర్థమును ఇప్పుడు సరిగా గ్రహింతము. భూమి ఓర్చును. ఇంతకంటె వేడిని ఓర్చినది, మహాసముద్రముల పొంగులను ఓర్చినది. మనము పోయిన పిదపను తిరుగుచునే యుండును. ఓర్వలేనివాడు ఆమె ఒడిలోని బిడ్డ. మర్రిగూడలో వంగినది భూమి వెన్ను కాదు, బిడ్డ వెన్ను. ప్రతిదినము మనమడుగు క్షమాపణ ఆమె ఓర్మికి కొలత లేదని కాదు. మన ఓర్మికి కొలత కలదని.

భక్తులు చేయవలసినవి పెద్ద పనులు కావు. బోరు వేయుటకు ముందు, చెట్టు కొట్టుటకు ముందు, గుట్టను పగులగొట్టుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనుడు: దీనిని నేను గాని, నా మనుమడు గాని తిరిగి ఇయ్యగలమా? ఇయ్యగలిగినచో ఎట్లు ఇత్తుమో ముందే నిశ్చయించుకొని చేయుడు. ఇయ్యలేనిచో చేయి వెనుకకు తీసికొనుడు. మీ ఊరి చెరువునకు నీరు తెచ్చు కాలువకు అడ్డు లేకుండ చూడుడు; శిఖము భూమిపై ఆశ విడువుడు; మత్తడి దూకిననాడు గంగమ్మకు పసుపు కుంకుమలతో పాటు, పూడిక తీయుటకు ఒక దినపు శ్రమను గూడ సమర్పింపుడు. గుడి కోనేటిలో చెత్త వేయు చేతిని వారింపుడు.

ఏ పూజకైనను ముందు సంకల్పము చెప్పుకొందుము. కృష్ణాగోదావరుల నడిమి దేశమున నున్నామని ఉచ్చరించి, చేతిలోనికి నీరు తీసికొని పళ్ళెమున విడుతుము. ఏ నదుల పేరు చెప్పి మన చిరునామాను దేవునికి తెలుపుకొనుచున్నామో, ఆ నీటిని మన తరువాతివారును అదే నోటితో, అదే శుద్ధితో విడువగలుగునట్లు మనకు బుద్ధి కలుగుగాక.

లోకాః సమస్తాః సుఖినో భవంతు.