వస్తురక్షణము - శ్రవణధర్మము

ఒక వస్తువును ప్రేమించి దానికి దినదినము నుపచారములు చేయువానిని లోకము రెండు విధముల చూచును. శ్రద్ధ గలవాడని కొందరు మెచ్చుకొందురు. వస్తువునకు దాసుడైనాడని మరికొందరు నవ్వుదురు. ఈ రెండింటిలో నేది సత్యము? ఒక హెడ్‌ఫోనును కొని, మూడు సంవత్సరములు పోషించిన పిమ్మట, ఈ ప్రశ్నను మాకు మేమే వేసికొనవలసి వచ్చినది.

మేము నివసించునది చిల్లకల్లు. జగ్గయ్యపేటకు సమీపమున, హైదరాబాదునుండి విజయవాడకు పోవు జాతీయరహదారిమీది గ్రామము. పత్తియు మిరపయు పండు మెట్టప్రదేశము. 2022లో జిల్లాల విభజనమున నిది ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినను, మావంటివారి నోట నిప్పటికిని కృష్ణాజిల్లా మెట్టయే. ఇక్కడ రాత్రియనక పగలనక లారీలు పోవుచునే యుండును. పండుగలనాడు మైకుల హోరు దానికి తోడగును. ఇట్టిచోట సంగీతము నెమ్మదిగా వినవలెనను కోరికతో, ఆంప్లిఫైయరు మొదలగు పరికరములతో గూడ నెనుబదివేల రూపాయలు వెచ్చించి యొక హెడ్‌ఫోను కొంటిమి. “ఆ సొమ్ము పెడితే పాడిగేదె వచ్చేది. అది పాలిస్తుంది, ఇదేమిస్తుంది?” అని మా పొరుగు రైతు అడిగెను. ఆనాడు నవ్వి యూరకుంటిమి. కాని యా ప్రశ్న నవ్వుతో పోవునది కాదు.

మేము కొన్నది సెన్‌హైజర్ వారి హెచ్.డి. 600. 1997లో వెలువడిన యీ రకము నేటికిని తయారగుచున్నది. దీని నిరోధము 300 ఓములు. కావుననే ఆంప్లిఫైయరు తోడు వలసినది. చెవిగిన్నెల వెనుకభాగము మూయక జాలీ విడిచియుందురు. ఆ సంస్థవారే 1968లో హెచ్.డి. 414 అను హెడ్‌ఫోనుతో నీ పద్ధతిని లోకమునకు పరిచయము చేసిరి. దీనివలన పాట తలలో నిరుకుకొనక, ఎదుట గదిలో పాడినట్లు విశాలముగ వినబడును. మెట్టవేసవిలో చెవికి గాలియు తగులును. అయితే వెలుపలి చప్పుడు లోనికి వచ్చును, లోని పాట వెలుపలికి పోవును. కాబట్టి యిల్లు నిద్రించిన తరువాతనే మా వినికిడి.

దీనికి సేవలు పెక్కు గలవు. చెమటకును దుమ్మునకును చెవిమెత్తలు గట్టిపడి యణగిపోవును. అణగినకొలది చెవికిని ధ్వని పుట్టు పొరకును నడుమ దూరము తగ్గి స్వరమే మారిపోవును. అప్పుడు కొత్తమెత్తలు వేయవలెను. తీగెను మెలిపెట్టి చుట్టరాదు. ఊడదీయునపుడు కొనను పట్టి లాగవలెను. లోపలి పలుచని పొరపై నొక వెంట్రుక పడినను గరగరమను చప్పుడు పుట్టును. మెత్తని కుంచెతో మెల్లగా తీయవలెను. ఇవన్నియు మేము తప్పక చేయుచుంటిమి.

ఇది వ్యర్థప్రయాసమా? కాదనియే మా యభిప్రాయము. నూజివీడు వీణను చూడుడు. దాని మెట్లు మైనపు మేళముపై నిలిచియుండును. కాలక్రమమున మేళము సడలును. మరల కట్టించుకొనని వైణికుని ఎవ్వరును వైరాగ్యసంపన్నుడని పొగడరు, సోమరియందురు. బండియిరుసునకు కందెన పెట్టని రైతునకును ఆ మాటయే. నేడు చెవిలో దూర్చుకొను చిన్నయంత్రములు చౌకగా దొరకుచున్నవి. వానిలోని బ్యాటరీ మూడునాలుగేండ్లలో నీరసించును, మార్చుటకు చాలవానికి వీలుండదు, పారవేయవలసినదే. భాగభాగముగ విప్పి బాగుచేసికొనదగిన వస్తువును చిరకాలము కాపాడుట, చౌకవస్తువులను వరుసగా కొని పారవేయుటకంటె మితవ్యయమే యగును. మరియొక మాట: ఒక్కని చెవిలో మ్రోగు యంత్రము పరులను బాధింపదు. తన భక్తిని ఊరంతటి చెవులలో పోయు మైకుకంటె ఇదియే మర్యాదస్థుడు.

ఇంతవరకు మా వాదము నిలుచును. ఇక మా తప్పును చెప్పవలెను.

మొదటి తప్పు, పాటను విడిచి యంత్రమును వినుట. వెలగల వస్తువు చేతికి వచ్చిన తోడనే, అది ఆ వెలకు తగినదేయని మనస్సునకు రుజువు చూపవలెనను తొందర పుట్టును. ఒక్క కీర్తనలో నొక్క చరణమునే ఇరువదిమార్లు తిప్పి, మృదంగపు తొప్పి పలికినదా, తంబురా నాదము విడిగా వినబడినదా యని పరీక్షించితిమి. గాయకుడు ఏమి పాడెనో యెరుగము. భోజనమునకు కూర్చుండి పళ్లెమును రుచి చూచినవానికిని మాకును భేద మేమి?

రెండవది యింతకంటె పెద్దది. మా తల్లికి డెబ్బదియైదేండ్లు దాటినవి. కొంతకాలముగా నామెకు వినికిడి తగ్గుచుండెను. ఒక మాటను రెండుమారులు చెప్పవలసివచ్చిన మేము విసుగుకొనుచుంటిమి. ఆమె క్రమముగా నడుగుట మానెను. నలుగురిలో కూర్చుండుట మానెను. వృద్ధాప్యమున నిది సహజమని మేము సమాధానపడితిమి. ఒకనాటి సాయంకాలము, తెప్పించిన కొత్తమెత్తలను గిన్నెలకు తొడుగుచుండగా, మా సోదరి కూతురు, ఏడేండ్లపిల్ల, దగ్గర కూర్చుండి చూచి, “మామయ్యా, ఇవి పెడితే అమ్మమ్మకు వినపడుతుందా?” అని యడిగెను.

ఆ బాలిక మమ్ము నిందింపలేదు, తెలియక యడిగినది. కాని మెత్త మా చేతిలోనే నిలిచిపోయెను. మెత్తలు పాతబడినవని స్వరపుమార్పునుబట్టి కనిపెట్టిన మాకు, కన్నతల్లి మాటలలోని మార్పు కనబడలేదు! మూడేండ్లలో రెండుమారులు యంత్రమునకు మెత్తలు మార్చితిమి. ఆమెను చెవివైద్యుని యొద్దకు ఒక్కమారైనను తీసికొనిపోలేదు.

పోయిన పిమ్మట వైద్యునివలన తెలిసికొన్న విషయము చదువరులందరును తెలిసికొనదగినది. లోచెవిలో సుమారు 15,000 సూక్ష్మమైన రోమకణము లుండును. అవి పుట్టుకతో వచ్చినవే. నశించిన మరల మొలవవు. 40,000 హెర్ట్‌జుల వరకు పలుకుదునని యంత్రము చెప్పుకొనవచ్చును. మనుష్యుని చెవి 20,000లకు మించి వినదు, వయస్సుతో నదియు తగ్గును. వయోజనులు 80 డెసిబెల్‌ల ధ్వనిని వారమునకు 40 గంటలకంటె వినరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ధ్వని 3 డెసిబెల్‌లు హెచ్చినచో నా కాలము సగమగును. లారీల చప్పుడును జయింపవలెనని ధ్వనిని హెచ్చించుకొన్న రాత్రులు మాకు జ్ఞప్తికి వచ్చినవి. తీగె తెగిన కొత్తతీగె దొరకును. మెత్త చినిగిన కొత్తమెత్త దొరకును. బదులు దొరకని భాగము చెవి యొక్కటియే. దానినే మేము లెక్కపెట్టకుంటిమి.

చెవియంత్ర మెందులకు? ఎదుటివాని మాట చేరుటకు. మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924లో ప్రసారములు మొదలిడినపుడు, స్ఫటికపు రేడియోల ధ్వని మిక్కిలి సన్నమగుటచే హెడ్‌ఫోను లేనిదే వినుట కలుగదు. ఆనాడు ఒంటరి వినికిడి యవసరము. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియోకేంద్రము వెలసిన పిదప, పంచాయతీ రేడియోచుట్టు పల్లెజనులు గుమిగూడి వినిరి. నేడు ఒంటరి వినికిడి మన యిష్టము. ఇష్టము గనుకనే దానికి మనము బాధ్యులము.

ఇప్పుడు మా తల్లి చిన్న వినికిడియంత్రమును ధరించుచున్నది. దానికిని దుమ్ము పట్టును, దానికిని సేవ వలయును. హెడ్‌ఫోనునకు వాడిన రకపు కుంచెతోనే ప్రతిరాత్రియు దానిని తుడుచుచున్నాము. ఆమె మరల మాటాడుచున్నది. కాని మౌనముగ గడపిన సంవత్సరములను ఏ దుకాణమును అమ్మదు.

కావున వస్తువును పోషించుట దోషము కాదు. ఆ పోషణమున నేర్చిన శ్రద్ధ వస్తువుదగ్గరనే ఆగిపోవుట దోషము. మా పొరుగురైతు ప్రశ్నకు నేడు బదులు చెప్పగలము: ఇది వినుట నేర్పును. తలనుండి తీసి బల్లపై నుంచిన పిమ్మటను మనము వినుచుందుమేని, పెట్టిన సొమ్ము సార్థకము. లేదా, గేదెయే మేలు.