ఆ దాహం ఎవరిది?

శుభ శుక్రవారం ఆరాధన ముగిశాక, బెంగళూరు బెన్సన్ టౌన్‌లో మా యునైటెడ్ థియలాజికల్ కాలేజీ వైపు నడుస్తుంటే గుంటూరు నుంచి వచ్చిన బాబాయి అడిగాడు.

"సిలువ మీద ఐదో మాట దాహం గురించే కదమ్మా. సముద్రాల్ని చేసినవాడికి దాహమేమిటి? మన కోసం అలా కనిపించాడనుకుంటే పోదా?"

"పోదు బాబాయ్. కనిపించడమే అయితే మేకులూ నటనే. మన నొప్పి ఆయనకి తెలియనట్టే. ఆ వాదాన్ని సంఘం మొదట్లోనే తోసిపుచ్చింది."

"సరే, దాహపడింది అందులోని మనిషి. దేవుడు కాదు. అలా అందామా?"

"కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు నెస్తోరియస్ మీద వచ్చిన ఆరోపణ అదే. అంతకుముందే, 325లో నికయా సభలో కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని తేల్చారు. మరి మనిషి ఎలా అయ్యాడు? నెస్తోరియస్ మరియను దేవుని తల్లి అనడానికి జంకాడు. అలెగ్జాండ్రియా సిరిల్ ఊరుకోలేదు. పుట్టినవాడూ, దాహపడినవాడూ శరీరధారియైన వాక్యమే, ఇంకొకడు లేడన్నాడు. 431లో ఎఫెసు సభ నెస్తోరియస్‌ను పదవి నుంచి తీసేసింది. 451లో కల్కెదోను సభ, క్రీస్తు ఒక్కడే, రెండు స్వభావాలలో ఉన్నాడు, అవి కలగలిసిపోవు, విడిపోవు అంది."

"బాగానే ఉందిగా! మళ్ళీ గొడవెందుకు?"

"'రెండు స్వభావాలలో' అనేసరికి ఈజిప్టు, సిరియాల్లో చాలామందికి నెస్తోరియస్ తిరిగొచ్చినట్టనిపించింది. 'రెండింటి నుంచి ఒక్కటైనవాడు' అన్నారు వాళ్ళు. అది విన్న అవతలివాళ్ళు, మానవత్వం దైవత్వంలో కరిగిపోయిందంటున్నారని భయపడ్డారు. నిజానికి కరిగిపోయిందన్న యుటికెస్‌ను ఈ ఈజిప్టు, సిరియా వాళ్ళూ ఖండించారు బాబాయ్! ఎవరూ ఆగి వినలేదు. నాకు బాధ కలిగించేది అదే."

"ఇన్ని శతాబ్దాల్లో ఎవరూ సరిచూడలేదా?"

"చూశారు. మలంకర ఆర్థడాక్స్ సంఘానికి చెందిన వి.సి. శామ్యూల్ మా కాలేజీలోనే పాఠాలు చెప్పారు. కల్కెదోను సభను పునఃపరిశీలిస్తూ ఆయన రాసిన పుస్తకం 1977లో వచ్చింది. ఆ సభను ఒప్పుకోని అంతియొకయ సెవెరస్ కూడా క్రీస్తు సంపూర్ణ మానవత్వాన్ని నమ్మాడని అందులో చూపించారు. అంతకుముందే, 1964లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో రెండు పక్షాల ఆర్థడాక్స్ పండితులూ కూర్చుని, మన విశ్వాసం ఒక్కటేనని రాసుకున్నారు. అక్కడా ఆయన ఉన్నారు."

"అయితే నా ప్రశ్నకి జవాబు?"

"దాహం దేవుడిదే, మనిషిగా పుట్టాడు గనక. నిజమైన గొంతు నిజంగా ఎండింది. రెండు పక్షాలూ చెప్పింది ఇదే."

"మరి కలిసిపోయారా?"

"లేదు బాబాయ్. ఆ రెండు ఆర్థడాక్స్ కుటుంబాలూ అధికారికంగా ఇప్పటికీ ఒకే బల్ల దగ్గర ప్రభు భోజనం తీసుకోవడం లేదు."