దయ హక్కు కాదు

రాసేవాళ్లు నిజాయితీపరులైతే పత్రిక ఎవరి చేతిలో ఉంటేనేం అని మనం అనుకుంటాం. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో అమెరికాలోని వాషింగ్టన్ పోస్ట్ చరిత్ర చెబుతుంది.

1933 నుంచి ఒకే కుటుంబం నడిపిన ఆ పత్రికను 2013లో అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్ 25 కోట్ల డాలర్లకు కొన్నారు. ఆయన సొంత డబ్బుతో కొన్నారు గానీ, టెక్నాలజీ కంపెనీల పని పద్ధతి కూడా వెంట వచ్చింది. ఇంజనీర్లు విలేకరుల పక్కన కూర్చున్నారు. ఏ వార్తను ఎందరు చదువుతున్నారో చూపే తెరలు న్యూస్‌రూమ్‌లో వెలిశాయి. ఒకే వార్తకు వేర్వేరు శీర్షికలు పెట్టి, పాఠకులు దేన్ని ఎక్కువ నొక్కుతారో పరీక్షించారు.

ఇదంతా చెడ్డదని మేము అనం. కుంగుతున్న పత్రిక లేచి నిలబడింది, కొత్త ఉద్యోగాలు వచ్చాయి. వార్తల్లో బెజోస్ జోక్యం చేసుకోలేదని అప్పటి సంపాదకుడు మార్టిన్ బారన్ స్వయంగా చెప్పారు.

కానీ తెర మీది అంకె ఎవరూ ఆదేశించకుండానే మనసును మారుస్తుంది. 'ఇది నిజమా, ఎవరికి అవసరం?' అని అడిగే చోట 'ఎందరు చూస్తారు?' అన్న ప్రశ్న వచ్చి చేరుతుంది. పేదల వాడలో నీళ్లు రాని సంగతిని ఎక్కువమంది చదవరు. కొన్నాళ్లకు అది ముఖ్యం కాదని విలేకరికే అనిపించవచ్చు.

2024లో అధ్యక్ష ఎన్నికకు 11 రోజుల ముందు, కమలా హారిస్‌ను బలపరుస్తూ సంపాదకీయ బృందం సిద్ధం చేసిన వ్యాసం ఆగిపోయింది. పత్రికలపై నమ్మకం పెంచడానికే ఈ నిర్ణయమని బెజోస్ రాశారు. ప్రభుత్వ కాంట్రాక్టులున్న తన ఇతర వ్యాపారాలతో దీనికి సంబంధం లేదన్నారు. అయినా కొద్ది రోజుల్లోనే 2,50,000 మందికి పైగా చందా మానేశారు. 2025 ఫిబ్రవరిలో, అభిప్రాయ పేజీలు వ్యక్తిగత స్వేచ్ఛనూ స్వేచ్ఛా మార్కెట్‌నూ సమర్థించాలని ఆయన ప్రకటించారు. ఆ పేజీల సంపాదకుడు డేవిడ్ షిప్లీ తప్పుకున్నారు.

పదేళ్లు జోక్యం చేసుకోని చేయి, ఇప్పుడు అడ్డుపడిన చేయి ఒక్కటే. అంటే అన్నేళ్లూ విలేకరులు అనుభవించింది హక్కు కాదు, యజమాని దయ. దయ గొప్ప గుణమే. కానీ ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలిగిన దాన్ని స్వేచ్ఛ అనలేం. దాని నీడలో పనిచేసేవాడు యజమాని మాట్లాడకముందే ఆయన మనసును ఊహించడం నేర్చుకుంటాడు. పనిలో అన్నిటికన్నా పెద్ద నష్టం అదే.

1920లో 'మూక్‌నాయక్' స్థాపించిన అంబేడ్కర్, 1943లో రానడేపై చేసిన ప్రసంగంలో, ఒకప్పుడు వృత్తిగా ఉన్న పత్రికారచన మన దేశంలో వ్యాపారమైపోయిందని విమర్శించారు. ఆ విమర్శ ఇవాళ్టికీ సరిపోతుంది. సంపాదకుల అధికారం ఎంతో, యజమాని ఎక్కడ ఆగాలో కాగితం మీద ఉండాలి. దాన్ని నిలబెట్టే ఉద్యోగ సంఘం ఉండాలి. మంచి యజమాని దొరికినా ఇవి అవసరమే.

ఇక తెర మీది ఆ అంకె మన వేళ్లు పుట్టించినదే. ఏ వార్తను నొక్కుతున్నామో చూసుకోవలసిన బాధ్యత మనది కూడా.