లంక గెలిచాక రాముడు లంకలో ఎందుకు ఉండిపోలేదు?



రావణుడు పడిపోయాడు. లంక మొత్తం గెలిచినవాళ్ల చేతిలో ఉంది. అప్పుడు రాముడు ఏం చేశాడో గుర్తు చేసుకోండి. వాల్మీకి రామాయణంలో ఆయన లక్ష్మణుడిని పంపి విభీషణుడికి పట్టాభిషేకం చేయించాడు. వనవాస నియమం ఉంది కాబట్టి తాను నగరంలోకి వెళ్లలేదు, నిజమే. కానీ లంకని చూసుకోమని తన మనుషుల్లో ఎవరినీ అక్కడ అధికారిగా కూడా పెట్టలేదు. పుష్పకం ఎక్కి అయోధ్యకి బయల్దేరాడు.

యుద్ధం గురించి మనం చాలా మాట్లాడుకుంటాం, యుద్ధం అయిపోయిన మర్నాటి గురించి తక్కువ. కాలిపోయిన ఊళ్లకి కాపలా ఎవరు కాయాలి? ఇళ్లు, బళ్లు, వంతెనలు ఎవరు కట్టాలి? బయటి దేశాల కూటమి వచ్చి ఆ బాధ్యత తీసుకోవచ్చా? ఇది రాజకీయమే కాదు, ధర్మానికి సంబంధించిన ప్రశ్న కూడా. దీన్ని ఆలోచించడానికి బోస్నియా కథ బాగా పనికొస్తుంది.

యూగోస్లావియా ముక్కలైనప్పుడు, 1992 నుంచి 1995 దాకా, బోస్నియాలో బోస్నియాక్ ముస్లింలు, సెర్బులు, క్రొయేట్లు యుద్ధం చేసుకున్నారు. దాదాపు లక్ష మంది చనిపోయారు. స్రెబ్రెనిత్సా పట్టణాన్ని ఐక్యరాజ్యసమితి 1993లో 'సురక్షిత ప్రాంతం' అని ప్రకటించింది. కానీ అక్కడ కాపలా ఉన్నది కొన్ని వందల మంది డచ్ సైనికులే. 1995 జూలైలో బోస్నియా సెర్బు సైన్యం పట్టణాన్ని ఆక్రమించి, 8,000 మందికి పైగా ముస్లిం మగవాళ్లని, అబ్బాయిలని చంపేసింది. కాపాడతామన్న మాట ఉంది, ఆ మాట నిలబెట్టే బలం లేదు.

అదే ఏడాది డిసెంబరులో డేటన్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. నాటో నాయకత్వంలో దాదాపు 60,000 మంది సైనికులు దిగారు. మళ్లీ యుద్ధం రాలేదు. అందుకే "వాళ్ల గొడవ వాళ్లది, బయటివాళ్లకేం పని" అనే మాట నేను ఒప్పుకోలేను. కాపాడగలిగే బలం ఉండి చేతులు కట్టుకుని కూర్చోవడం ధర్మం కాదు.

కానీ కథ అక్కడ ఆగలేదు. ఒప్పందం అమలు చూడటానికి 'హై రిప్రజెంటేటివ్' అని ఒక పదవి పెట్టారు. 1997లో బాన్ నగరంలో జరిగిన సమావేశం తర్వాత ఆయనకి చట్టాలు రుద్దే అధికారం, ఎన్నికైన నాయకులని సైతం తీసేసే అధికారం వచ్చాయి. దాంతో మంచి కూడా జరిగింది. 1998లో దేశమంతటికీ ఒకే రకం నంబర్ ప్లేట్లు వచ్చాయి. లాటిన్, సిరిలిక్ లిపులు రెండింటిలోనూ ఒకేలా కనిపించే అక్షరాలే వాటి మీద వాడారు. బండి చూసి అది ఏ వైపు నుంచి వచ్చిందో చెప్పలేరు, కాబట్టి జనం భయం లేకుండా అటూ ఇటూ తిరగగలిగారు. ఎంత చక్కటి డిజైన్!

అయితే అదే అధికారంతో 2004 జూన్‌లో ఒక్క రోజే దాదాపు 60 మంది సెర్బు నాయకులని, అధికారులని పదవుల నుంచి తీసేశారు. అప్పీలు చేసుకోవడానికి వాళ్లకి కోర్టు లేదు. ఆ పదవిలో కూర్చున్న ఒక్కరిని కూడా బోస్నియా ప్రజలు ఎన్నుకోలేదు. 2025లో ఒప్పందానికి 30 ఏళ్లు నిండేనాటికి కూడా ఆ పదవి రద్దు కాలేదు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది బాగా తెలిసిన విషయం. సర్వర్ పడిపోతే బయటి ఇంజినీరుకి అడ్మిన్ యాక్సెస్ ఇస్తాం. కానీ దానికి గడువు ఉంటుంది, ఏం చేశాడో లాగ్ ఉంటుంది. గడువు లేని యాక్సెస్ ఇస్తే, ఆ మనిషి ఎంత మంచివాడైనా సొంత టీమ్ పని నేర్చుకోదు.

"రాముడికి విభీషణుడు దొరికాడు, బోస్నియాలో ముగ్గురూ నమ్మే ఒక్క మనిషి ఏడి?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే కాపలా వేరు, పెత్తనం వేరు అంటాను. కాపలా ఎన్నేళ్లు అవసరమైతే అన్నేళ్లు ఉండనివ్వండి. పెత్తనానికి మాత్రం మొదటి రోజే గడువు రాయాలి. ఆ నిర్ణయాలని ప్రశ్నించే హక్కు అక్కడి ప్రజలకి ఉండాలి.

మోస్తార్ పట్టణంలో 1993లో కూలిన పాత రాతి వంతెనని అంతర్జాతీయ సాయంతో కట్టి 2004లో మళ్లీ తెరిచారు. చూడటానికి అచ్చం పాతదే. కానీ బోస్నియాలో కొన్ని చోట్ల ఒకే బడి కప్పు కింద క్రొయేట్ పిల్లలు, బోస్నియాక్ పిల్లలు వేర్వేరు క్లాసుల్లో, వేర్వేరు పాఠాలు చదువుకున్నారు. రాళ్లు పేర్చడానికి బయటివాళ్లు రావచ్చు, రావాలి కూడా. ఆ పిల్లలని ఒక బెంచీ మీద కూర్చోబెట్టడం మాత్రం వాళ్ల అమ్మానాన్నలు ఒప్పుకుంటేనే జరుగుతుంది.

సాయం చేయడానికి బలం కావాలి. సాయం చేసి పక్కకి తప్పుకోవడానికి ఇంకా ఎక్కువ బలం కావాలి. రాముడి గొప్పతనం గురించి చెప్పేటప్పుడు మనం విల్లు గురించే కాదు, ఈ రెండో బలం గురించి కూడా చెప్పుకోవాలి.

శుభం.