రోగి శిశువున్న యింట ఉగాది



ఉగాది నాడు ప్రతి తెలుగు గృహమున షడ్రుచుల పచ్చడి సిద్ధమగును. వేపపువ్వు, బెల్లము, చింతపండు, మామిడి, ఉప్పు, కారము ఒకే గిన్నెలో కలియును. తీపిని మాత్రమే యేరుకొని చేదును విడుచుటకు ఈ పచ్చడిలో వీలు లేదు. ఈ మాట ప్రతి సంవత్సరము మందిరములలో చెప్పబడుచున్నది. వినువారు తల యూపుచున్నారు. కాని చేదు నిజముగా ఇల్లు చేరినపుడు పండుగ నెట్లు జరుపవలెనని అడుగువారికి ఈ మాట యొక్కటే చాలదు. అట్టి యొక గృహమును గూర్చి విచారించుట ఈనాటి విషయము.

మారిషస్ దీవిలో చెరకు తోటల నడుమ నొక గ్రామమున ఒక తెలుగు కుటుంబము కలదు. వారి పూర్వులు పందొమ్మిదవ శతాబ్దమున ఒప్పందపు కూలీలుగా ఓడ నెక్కి వచ్చినవారు. కోరంగి రేవు పేరు మీదుగానే ఆ దీవిలో తెలుగువారికి ‘కోరంగి’ అను పేరు నిలిచెను. ఆ యింట తండ్రి, తల్లి, నాయనమ్మ, పదేండ్ల బాలిక, ఆరేండ్ల బాలుడు ఉండిరి. ఒక సంవత్సరము మహాశివరాత్రి గడచిన పిమ్మట బాలుని ముఖము పాలిపోయెను. కాళ్లపై కారణము లేకయే నీలి మచ్చలు కనబడెను. జ్వరము తగ్గలేదు. రక్తపరీక్షలో అది ల్యుకేమియా అను రక్తపు క్యాన్సరని తేలెను. చికిత్స రెండేండ్లకు పైగా సాగునని వైద్యులు చెప్పిరి. పిల్లలకు వచ్చు క్యాన్సరులలో ఇదియే ఎక్కువగా కనబడునది. సకల సాధనములు గల దేశములలో నేడు ఈ జాతి ల్యుకేమియా సోకిన పిల్లలలో నూటికి సుమారు 90 మంది బ్రతుకుచున్నారని కూడ వారు తెలిపిరి.

ఆ వారమే బంధువొకరు పరామర్శకు వచ్చి, “పూర్వజన్మలో ఏ పాపము చేసినారో” అని నిట్టూర్చిరి. సూది పోటు కంటె ఆ మాట తల్లిని ఎక్కువ బాధించెను. ఈ విషయమున ధర్మ మేమి? ప్రహ్లాదునికి విషము పెట్టిరి, ఏనుగులచే త్రొక్కించిరి, కొండపై నుండి త్రోసిరి. అతడు కష్టపడెను గనుక పాపాత్ముడని ఏ పురాణమును చెప్పలేదు. కర్మ సిద్ధాంతము మనుష్యుడు తన నడతను తాను దిద్దుకొనుటకు ఈయబడినది. ఇతరుల బిడ్డను తూచుటకు ఈయబడలేదు. అధిక సంఖ్యాకులగు పిల్లలలో ఈ వ్యాధికి కారణము తెలియదనియు, తల్లిదండ్రులు చేసినదేదియు దీనికి హేతువు కాదనియు వైద్యులు చెప్పుచున్నారు. రోగి యింటి గడప దాటువారు ఈ రెండు సంగతులను తెలిసికొని దాటవలెను.

ఆ యేటి ఉగాది ఆ కుటుంబమునకు ఆసుపత్రిలో వచ్చెను. బాలుని శరీరమున రోగనిరోధక శక్తి క్షీణించి యుండుటచే పచ్చి పదార్థములు, వేపపువ్వు కూడదనిరి. తల్లి చింతపండు, బెల్లము కలిపి బాగుగా మరగించి, చల్లార్చి, శుభ్రమైన గిన్నెలో తెచ్చెను. చేదు లేని పచ్చడి శాస్త్రసమ్మతము కాదేమోనని ఆమె మనసులో శంకించుచుండెను. ఆ ఉదయమే బాలునికి మిక్కిలి చేదైన స్టెరాయిడు మాత్రను నూరి త్రాగించి యుండిరి. గిన్నెను చూచి బాలుడు, “అమ్మా, చేదు నేను పొద్దున్నే మింగేశానుగా, ఇంక తీపి పెట్టు” అనెను. ఆ మాటతో తల్లి శంక తీరిపోయెను. ఆ దినమున ఆ గదిలో షడ్రుచులలో చేదు లోపించినదని ఎవరు చెప్పగలరు?

బాలుని పెరటిలో బిళ్ళగన్నేరు మొక్కలు కలవు. ఆ పూలతో నాయనమ్మ నిత్యము పూజ చేయుచుండెడిది. బాలుని నరమున ఎక్కించు విన్‌క్రిస్టిన్ అను మందు ఆ మొక్క నుండియే లభించునని నర్సు చెప్పగా ఆమె చేతులు జోడించెను. ఆ మొక్క పుట్టిల్లు మారిషస్‌కు పడమట నున్న మడగాస్కర్ దీవి. అయినను నాయనమ్మ ఆకులను కాచి కషాయ మీయబోగా వైద్యులు గట్టిగా వారించిరి. ఆ మొక్క విషము. శుద్ధి చేసి, తూచి, నరమున మాత్రమే ఎక్కించినపుడది ఔషధము. పరమశివుడు హాలాహలమును మింగనూ లేదు, ఉమియనూ లేదు, కంఠమున నిలిపెను. విషమునకు తగిన చోటు, తగిన కొలత ఎరుగుటయే వైద్యము. వైద్యుని అడుగక నాటుమందు పెట్టుట భక్తి కాదు.

ఆ బాలుడు పుచ్చుకొను మెథోట్రెక్సేటు చరిత్రలో ఒక తెలుగువాని జీవితము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులను రోగమునకు కోల్పోయి, 1923లో సముద్రము దాటి అమెరికా చేరెను. ఫోలిక్ ఆమ్లమునకు విరోధులగు మందులు లెడర్లే ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున తయారైనవి. వానిలో అమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా సోకిన పిల్లలకిచ్చి చూచెను. 16 మందిలో 10 మందికి కొంతకాలము మేలు కనబడినదని 1948లో ప్రకటించెను. ఆ యేడే సుబ్బారావు మరణించెను. తరువాత వచ్చిన మెథోట్రెక్సేటు నేటికిని పిల్లల ప్రాణములు నిలుపుచున్నది. ఒకడు చెరకు కొట్టుటకు సముద్రము దాటెను, మరియొకడు విద్యకై దాటెను. ఒకని మునిమనుమనికి రెండవవాని శ్రమ మందై అందినది. భగవంతుని చేయి ఏ రూపమున వచ్చునో ముందుగా తెలియదు.

కొన్ని వారములకు బాలుని జుట్టు రాలెను. అప్పన్నకు తలనీలాలు మొక్కుకొన్న నాయనమ్మ దిండు మీది వెండ్రుకలను ఏరి తెల్లని గుడ్డలో మూటగట్టి, “స్వామి తానే వచ్చి పుచ్చుకొన్నాడు” అనెను. ఆ సాయంకాలము తండ్రి కూడ తల గొరిగించుకొని వచ్చెను.

అటుపిమ్మట అమ్మోరు పండుగ వచ్చెను. బాలుని గుడికి తెచ్చి పసుపు నీళ్లు చల్లింతునని నాయనమ్మ మొక్కియుండెను. జనసమ్మర్దమున ఆటలమ్మ గల పిల్ల యొక్కటి యున్నను బాలునికి ప్రాణాపాయమని తల్లి భయపడెను. అత్తాకోడండ్ర నడుమ మూడు దినములు మాటలు లేవు. నాలుగవ నాడు నాయనమ్మకు తన బాల్యము జ్ఞప్తికి వచ్చెను. ఆ కాలమున ఇంట అమ్మవారు పోసినపుడు గుమ్మమునకు వేపమండలు కట్టెడివారు. ఆ మండలు చూచి పరాయివారు లోనికి వచ్చెడివారు కారు. “దూరముగా ఉండుమని అమ్మోరే చెప్పినది గదా” అని ఆమె తానే గుమ్మమునకు వేపమండలు కట్టి, ఘటము నింటనే నిలిపి, మనుమని చేత దూరము నుండి దండము పెట్టించెను. మొక్కు తీరెను. కోడలు అత్తగారి పాదములకు నమస్కరించెను.

నాటి నుండి ఆ యింట ఒకే క్యాలెండరు. ఏకాదశులు, శనివారపు భజనలు, రక్తపరీక్షలు అందులోనే వ్రాయబడెను. ఒక మాత్ర ప్రతి రాత్రి, మెథోట్రెక్సేటు వారమున కొక్కసారి మాత్రమే. ఈ రెండును తారుమారు కారాదని తల్లి ఎర్ర సిరాతో గుర్తించెను. జ్వరమాపకము దీపపు కుందె ప్రక్కన ఉండెను. 38 డిగ్రీలు చూపిన యెడల ఏ పనియైనను విడిచి వెంటనే ఆసుపత్రికి పోవలెను. వినాయక చవితి నాడు విస్తళ్లు వేసిన పిమ్మట జ్వరము వచ్చెను. తండ్రి మొదటి ముద్ద విడిచి లేచెను. ఆ పూజకు లోపము కలిగినదని తలచువారు విఘ్నేశ్వరుని తల్లిని గూర్చి తలపోయవలెను.

ఈ నడుమ ఇల్లంతయు మరచినది అక్కను. బొమ్మలన్నియు తమ్మునికే. ఆమె పినతల్లి యింట నిదురించుచుండెను. ఒక రాత్రి ఆమె ఏడ్చుచు, వెనుక నొకనాడు తగవులో తమ్ముని ‘చచ్చిపో’ అన్నాననియు, అందుచేతనే జబ్బు వచ్చినదనియు చెప్పెను. ఎన్ని నెలల నుండి ఆ పసిది ఈ భారము మోయుచుండెనో! తల్లి ఆమెను ఒడిలో కూర్చుండబెట్టుకొని, మాటల వలన ఈ రోగము రాదని చెప్పెను. డిసెంబరు సెలవులలో ఏటేట వారము దినములు సముద్రతీరమున గడపుట ఆ కుటుంబపు అలవాటు. ఆ యేడు వైద్యుల అనుమతితో రెండు దినములే వెళ్లిరి. మందు వలన ఎండ పడదు గనుక బాలుడు టోపీ పెట్టుకొని చెట్టు నీడను ఇసుక గూడు కట్టెను. తండ్రి ఆ రెండు దినములును కూతురితో ఈత కొట్టెను. ఆ సెలవు ఆమెది.

ఇక మిక్కిలి కఠినమైన సంగతి. దీపావళికి ముందు ఆసుపత్రిలో ప్రక్క మంచము మీది బాలిక మరణించెను. ఆమె తల్లిదండ్రులును ప్రార్థించిరి, మొక్కిరి, మందులు తప్పక యిచ్చిరి. వారి భక్తిలో లోపమున్నదని పలుకుటకు ఎవరికి అధికారము? శ్రీకృష్ణుని చెల్లెలు సుభద్ర. ఆమె కుమారుడు అభిమన్యుడు పదునారేండ్ల ప్రాయముననే నేలకొరిగెను. భగవంతుని మేనల్లునికే తప్పని దానిని ప్రార్థనతో కొనవచ్చునని తలచుట భ్రాంతి. ప్రార్థన వెల కాదు. భయపడు తల్లి చేతికి దొరకు మరియొక చేయి అది. ఆ దీపావళి నాడు ఆ కుటుంబము టపాకాయలు కాల్చలేదు. గుమ్మమున ఒక దీపము అధికముగా పెట్టిరి. అది ఎవరిదో బాలునికి తెలియును. అతడే నూనె పోసెను.

ఇరుగుపొరుగువారి ధర్మము స్వల్పము, కాని విలువైనది. దగ్గు జలుబు ఉన్నవారు రాకుండుటయే మర్యాద. అప్పుడే వండిన వేడి భోజనము పంపవలెను. అక్కను బడికి కొనిపోవలెను. రక్తదాన శిబిరములకు వెళ్లవలెను. ఇట్టి పిల్లలకు రక్తము, ప్లేట్‌లెట్లు మాటిమాటికి కావలసియుండును. ‘ఇంకెన్నాళ్లు?’ అని అడుగరాదు.

మరల ఉగాది వచ్చెను. ఈసారి ఇంటనే. వైద్యులను అడిగి, వేపపువ్వును కడిగి, వేయించి, చిటికెడు కలిపిరి. చికిత్స ఇంకను సంవత్సరమునకు పైగా మిగిలియున్నది. పంచాంగ శ్రవణమున బాలుని రాశిఫలము చదువ వలదని నాయనమ్మ పురోహితుని కోరెను. “ఏది వచ్చినను ఇంట అందరము ఉన్నాము” అనెను. బాలుడు పచ్చడి రుచి చూచి ముఖము చిట్లించి, రెండవ చెంచా అక్క నోట పెట్టెను.

ప్రహ్లాదుని కాచిన శ్రీ వరాహ నరసింహుడు ఆ బాలుని, అట్టి బాలబాలికల నందరిని, వారి మంచముల చెంత మేల్కొని యుండు తల్లిదండ్రులను కాచి రక్షించుగాక.