పొట్టి ఆటగాడి సీటు

హాకీ జట్టు ఒకటి ఎదిగే వయసులో ఉన్న కుర్రవాణ్ణి ఎంపిక చేసుకుని, రెండేళ్ళు తర్ఫీదు ఇచ్చిన తరవాత అతడు తోటివారికంటే పొట్టిగా, బక్కగా ఉండిపోయి మైదానంలో తడబడుతూంటే, అతణ్ణి ఉంచుకోవాలా పంపేయాలా అన్నది పైకి నిర్వాహకుల లెక్కలకు సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది. నిజానికి అది జ్ఞానమీమాంసకు, అంటే మనిషికి ఏ విషయమైనా ఎలా తెలుస్తుంది, ఎంతవరకు తెలుస్తుంది అని విచారించే శాస్త్రానికి చెందిన ప్రశ్న. ఎందుకంటే పదహారేళ్ళ దేహాన్ని చూసి ఇరవై రెండేళ్ళ ఆటను ఊహించడమే అక్కడ జరిగే పని. ఈ వ్యాసం ఆ ప్రశ్నను ఇద్దరి మాటల్లో నడుపుతుంది. ఒకరు హైదరాబాద్ విద్యానగర్‌లో ఉంటున్న విశ్రాంత తర్కశాస్త్ర అధ్యాపకుడు, రెండోవాడు ఆయన దగ్గర చదువుకుని తరవాత హాకీ శిక్షకుడైన శిష్యుడు. ఇద్దరూ కల్పిత పాత్రలే గాని వాళ్ళు ప్రస్తావించే ఆటల చరిత్ర, నియమాలు, పరీక్షలు కల్పితాలు కావు. వ్యాసకర్త మొగ్గు అధ్యాపకుడి వైపే అన్న సంగతిని దాచవలసిన పని కూడా లేదు.

“కుర్రవాడి మీద ఎవరికీ కోపం లేదు సార్,” అని శిక్షకుడు మొదలుపెడతాడు. “పదహారో ఏడు నడుస్తోంది, ఐదడుగుల రెండంగుళాలు దాటలేదు. ఆడేది రైట్ ఇన్, అంటే కుడివైపు నుంచి చొచ్చుకుపోయి గోల్ ముందరి అర్ధవలయంలోకి, మేం ‘డి’ అనే చోటుకి, బంతిని చేర్చే స్థానం. పాస్ చక్కగా అందుకుంటాడు, కానీ ఎదుటివాడు ట్యాకిల్‌కు వచ్చి భుజం ఆనించగానే బంతి పోతుంది. పోయిన సీజనంతా ఇదే తంతు.”

“బంతి పోతోందని చెప్పావు గాని ఎందుకు పోతోందో చెప్పలేదు నాయనా,” అని అధ్యాపకుడు అందుకుంటాడు. “ఆట కనిపించనివాడు, కనిపించినా బంతిని చేరలేనివాడు, చేరినా నిలుపుకోలేనివాడు అని ముగ్గురుంటే, ముగ్గురినీ తడబడుతున్నాడనే ఒక్క మాటతో కొట్టిపారేస్తున్నారు. మొదటివాడికి మందు లేదు, మూడోవాడికి ఉంది. మీ కుర్రవాడు ఎవరు?”

శిక్షకుడు మూడోవాడేనని ఒప్పుకుంటాడు. అప్పుడు అధ్యాపకుడు అతడి స్టిక్ పొడవెంతని అడిగితే, స్టోర్‌లో అందరికీ కలిపి తెప్పించిన ముప్ఫై ఏడు అంగుళాల లాట్‌లోనిదేనని జవాబు వస్తుంది. ఇక్కడ ఆగి చూడవలసిన సంగతి ఉంది. హాకీలో డ్రిబ్లింగ్, అంటే బంతిని స్టిక్‌కు అంటిపెట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ పరిగెత్తడం, నడుము వంచి, మోకాళ్ళు మడిచి, నేలకు దగ్గరగా చేసే పని. తన కొలతకు మించిన స్టిక్ పట్టినవాడు అలా వంగితే పిడి కొస పొట్టలో గుచ్చుకుంటుంది. గుచ్చుకోకుండా ఉండాలని నిటారవుతాడు, మోచేతులు బయటికి పోతాయి, ఆ భంగిమలో ఉన్నవాణ్ణి కదపడానికి చిటికెనవేలు చాలు. పొట్టిగా ఉన్నందువల్ల దక్కవలసిన లాభాన్ని, అంటే కిందికి ఉండే బరువు కేంద్రాన్ని, సామాను ఇచ్చినవాళ్ళే లాగేసుకుని, లోపాన్ని కుర్రవాడి ఖాతాలో రాశారు.

“అంతర్జాతీయ హాకీ నియమావళి స్టిక్ పొడవు 105 సెంటీమీటర్లు దాటకూడదంటుంది, బరువు 737 గ్రాములు దాటకూడదంటుంది, 51 మిల్లీమీటర్ల వలయంలోంచి దూరిపోవాలంటుంది,” అంటాడు అధ్యాపకుడు. “ఆటగాడు ఇంత ఎత్తుండాలని ఎక్కడా అనదు. పైగా భుజంతో తోయడం తప్పంటుంది. నీ కుర్రవాడి బంతి అలా పోతూంటే ఫిర్యాదు వెళ్ళవలసింది అంపైరు దగ్గరికి.”

“అంపైర్లు ప్రతిదానికీ విజిల్ వేయరు సార్. గోల్‌కీపర్‌కు, పెనాల్టీ కార్నర్‌లో డ్రాగ్ ఫ్లిక్ కొట్టేవాడికి పొడుగు చేతులు అక్కరకొస్తాయి కదా?”

వస్తాయి, అధ్యాపకుడు ఆ రెండు స్థానాలనూ వదులుకుంటాడు, చర్చ రైట్ ఇన్ గురించి కనుక ఆయనకు పోయేదేమీ లేదు.

అసలు చిక్కు కొలతలో ఉంది. హకీంపేటలోని తెలంగాణ రాష్ట్ర క్రీడా పాఠశాలకు పిల్లల్ని నాలుగో తరగతి ప్రవేశానికి ఎంపిక చేసేటప్పుడు ముప్ఫై మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం వంటి పరీక్షలతోపాటు ఎత్తుకు, బరువుకు కూడా మార్కులు వేస్తారు. పరుగుకు మార్కు వేయడంలో అర్థం ఉంది, పరుగు పిల్లవాడు చేసే పని. ఎత్తు అతడు చేసిన పని కాదు. ఆనాటికి అతడి దేహం ఎంత దూరం వచ్చిందో చెప్పే గుర్తు మాత్రమే. ఒకే ఏడు పుట్టిన ఇద్దరు మగపిల్లల్లో ఒకడికి పన్నెండో ఏటే ఎదుగుదల ఉరవడి రావచ్చు, మరొకడికి పదిహేనో ఏటి దాకా రాకపోవచ్చు. ఈ తేడాను లెక్కగట్టేదాన్ని జైవిక వయసు అంటారు. కెనడాలో మనస్తత్వవేత్త రోజర్ బార్న్‌స్లీ 1980లలో మంచు హాకీ జట్లను పరిశీలించినప్పుడు జనవరి మొదలు మార్చి వరకు పుట్టినవాళ్ళే ఎక్కువగా కనిపించారు; వయసు లెక్కకు అక్కడ జనవరి ఒకటి గీత కావడంతో ఏడాది మొదట్లో పుట్టినవాళ్ళు కొన్ని నెలలు పెద్దవాళ్ళై, బలవంతులుగా కనబడి, ఎంపికయ్యారు. దీనికి సాపేక్ష వయో ప్రభావమని పేరు.

“మన దగ్గర దానికి ఇంకో మెలిక ఉంది సార్,” అని శిక్షకుడే అందిస్తాడు. “బడిలో వేసిన పుట్టినరోజు వేరు, అసలు పుట్టినరోజు వేరు.”

“అయితే మీ పొట్టివాడు వయసు నిజం చెప్పినవాడేమో చూశావా?”

ఈ ప్రశ్నకు శిక్షకుడి దగ్గర జవాబు లేదు. జూనియర్ పోటీలన్నిటినీ పట్టి పీడించే ఈ జబ్బుకు క్రికెట్ బోర్డు మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు అంచనా వేసే పద్ధతిని తెచ్చిందంటేనే సర్టిఫికెట్ల సంగతి అర్థమవుతుంది. రెండేళ్ళు తగ్గించి రాయించుకున్నవాడి పక్కన నిజం చెప్పినవాడు మరుగుజ్జులా కనిపిస్తే, ఆ పొట్టితనం అతడి దేహలక్షణమని ఎవరు తేల్చగలరు?

సంవాదం ఇక్కడ కొంత పక్కదారి పట్టింది. ఎత్తు మాట వచ్చేసరికి శిక్షకుడికి నగరంలో ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళు ఉండే అశోక్ నగర్ గుర్తుకొచ్చింది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే సీటు పట్టుకుని చదివేవాళ్ళలో ఎస్సై ఉద్యోగానికి సిద్ధమయ్యేవాళ్ళు ఉంటారనీ, మగవాళ్ళకు అక్కడ 167.6 సెంటీమీటర్ల ఎత్తు నిబంధన ఉంటుందనీ, అర సెంటీమీటరు తగ్గినవాడు రాతపరీక్షలో ఎంత గట్టివాడైనా బయటికి పోవలసిందేననీ, దాన్ని అన్యాయమని ఎవరూ అనరనీ అతడి వాదం. అధ్యాపకుడు ఆ నిబంధన పుట్టుపూర్వోత్తరాల్లోకి, వలస పాలనలో సిపాయిల ఎంపికలోకి, అక్కడి నుంచి లాఠీ పొడవులోకి వెళ్ళిపోయాడు. అదంతా ఇక్కడ అనవసరం. పనికొచ్చే ముక్క ఒక్కటే: పోలీసు ఉద్యోగానికి వచ్చేవాడి ఎదుగుదల దాదాపుగా పూర్తయి ఉంటుంది కనుక ఆ కొలత మంచిదో చెడ్డదో గాని స్థిరమైనది, పదహారేళ్ళవాడి కొలత స్థిరమైనది కాదు.

శిక్షకుడు తిరిగి దారిలోకి వచ్చి తన బలమైన ఆక్షేపణ పెడతాడు. “పొట్టివాడు గట్టివాడన్న సామెతకు సాక్షులు ఎప్పుడూ దొరుకుతారు సార్. 2017లో గ్లాస్గో ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో మన సింధును, తనకంటే అంత పొడుగమ్మాయిని, నూట పది నిమిషాలు ఆడి జపాన్ అమ్మాయి ఒకుహారా ఓడించిందంటారు. మంచు హాకీలో ఐదడుగుల ఎనిమిదంగుళాల మార్టిన్ సెయింట్ లూయీని కాల్గరీ జట్టు 2000లో వదిలేస్తే, టాంపా బే చేర్చుకుందనీ, 2004లో లీగ్‌లో అత్యధిక పాయింట్లు అతడివేననీ, కప్పు కూడా ఆ జట్టుదేననీ అంటారు. బాగా తినక బలహీనంగా ఉందని మొదట కోచ్ కాదన్న రాణీ రాంపాల్ భారత మహిళల హాకీ జట్టు కెప్టెన్ అయిందంటారు. నిజమే. వదిలేస్తే మళ్ళీ ఎప్పుడూ వినబడని వందలమంది సంగతి ఎవరు చెబుతారు? నెగ్గినవాళ్ళను మాత్రమే లెక్కపెట్టి పొట్టివాళ్ళు నెగ్గుతారనడం తర్కమవుతుందా?”

తర్కం కాదు. దీన్ని శేషదోషం అనవచ్చు, అంటే మిగిలినవాళ్ళను మాత్రమే చూసి అందరి గురించీ తీర్పు చెప్పే పొరపాటు. అధ్యాపకుడు దీన్ని తోసిపుచ్చడు. ఇదే ఆక్షేపణను తిప్పి పట్టుకుంటాడు. “ఆ వందలమంది పనికిరానివాళ్ళు కనుక వినబడలేదా, వదిలేశారు కనుక వినబడలేదా? ఉంచుకుని ఉంటే ఏమయ్యేదో చూసినవాళ్ళు లేరు. తప్పుగా ఉంచుకున్నవాడు రోజూ మైదానంలో నీ కళ్ళెదుట బంతి పోగొట్టుకుంటూ కనిపిస్తాడు, నిర్వాహకులు నిన్ను నిలదీస్తారు. తప్పుగా పంపేసినవాడు ఏ బజాజ్ షోరూంలోనో పనిచేసుకుంటాడు, నిన్ను ఎవరూ అడగరు. రెండు తప్పుల్లో ఒకదానికే శిక్ష ఉన్నప్పుడు మనిషి రెండోదాన్నే ఎక్కువగా చేస్తాడు, దాన్నే అనుభవమని పిలుచుకుంటాడు. సెయింట్ లూయీ కథ పొట్టివాళ్ళంతా నెగ్గుతారని చెప్పదు; కాల్గరీ చూడవలసినదాన్ని చూడలేదని మాత్రం చెబుతుంది.”

“సరే సార్. మరి సీటు? ఇతడున్న సీటులో ఇంకో పిల్లవాడుండవచ్చు. మూడు ఒలింపిక్స్‌లో హాకీ ఆడిన ముకేశ్ కుమార్‌ది ఈ నగరమే, చిత్తూరు జిల్లా నుంచి వెళ్ళి భారత గోల్‌కీపర్ అయిన రజని మన అమ్మాయి. అంత దూరం వెళ్ళినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఉన్న కాసిని సీట్లూ ఆశల మీద ఖర్చు చేస్తామా?”

సీటు ఆక్షేపణ నిజంగా బరువైనది, ఇందులో ఎదుట ఉన్న పిల్లవాడికీ బయట ఉన్న పిల్లవాడికీ మధ్య న్యాయం తూచవలసి వస్తుంది. అధ్యాపకుడు దానికి చెప్పిన జవాబు రెండు తెలియనితనాల తేడా మీద నిలబడింది. రాబోయేవాడు కూడా ఊహే. ట్రయల్స్‌లో ఒక పూట చూసిన ఊహ. ఉన్నవాడి గురించి జట్టుకు రెండేళ్ళుగా తెలుసు: పాస్ అందుకుంటాడు, ఆట కనిపిస్తుంది, ఓడిన మర్నాడు కూడా ప్రాక్టీసుకు వస్తాడు. తెలిసినదాన్ని పారేసి తెలియనిదాన్ని కొనడం పొదుపు అవదు. దీనికితోడు ఉంచుకోవడం, ఆడించడం ఒకటి కావు. అడ్డూ అదుపూ లేకుండా ఆటగాళ్ళను మార్చుకోవచ్చని హాకీ 1990ల నుంచి ఒప్పుకుంటోంది, ఇప్పుడు ఆట పదిహేను నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, కనుక దమ్ము చాలనివాణ్ణి ప్రతి క్వార్టర్‌లో నాలుగైదు నిమిషాలు దింపి, ఎదుటి డిఫెండర్లు అలిసిన వేళకు వాడుకోవడం ఏ కోచ్‌కైనా చేతనయ్యే పనే. కుర్రవాడి మనసు విరుగుతుందేమో, తోటివాళ్ళు గొణుగుతారేమో అన్న మాటలు కూడా వచ్చాయి గాని, అవి పొడుగువాడి విషయంలోనూ అంతే కనుక అధ్యాపకుడు వాటి మీద కాలం గడపలేదు.

శిక్షకుడు ఇంకొంచెం గట్టిగా నిలబడవలసింది. ముఖ్యంగా ఇంకొంత గడువిచ్చినా కుర్రవాడు అలాగే ఉంటే ఏం చేయాలో అడగవలసింది. అడగలేదు గాని, దానికి జవాబు తీర్పులోనే ఉంది. కుర్రవాణ్ణి మరో రెండు సీజన్లు ఉంచాలి. ముప్ఫై అయిదు అంగుళాల స్టిక్ ఇవ్వాలి. ఆరు నెలలకోసారి అతడి ఎత్తు రాసుకోవాలి, మార్కులు మాత్రం దానికి వేయకూడదు. ట్యాకిల్‌లో బంతి నిలుపుకున్న సందర్భాలను, ‘డి’లోకి చేర్చిన బంతులను లెక్కపెట్టాలి. రెండో సీజను చివర ఆ లెక్క పెరగకపోతే పంపేయవచ్చు, అప్పుడు కూడా కారణాల కాగితంలో పొట్టివాడన్న మాట రాయకూడదు.