శిక్ష తర్వాతి గది

జైలుకు పంపే మనిషిని ముందు ఫొటో తీస్తారు. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. పారిస్ పోలీసు శాఖలో అల్ఫోన్స్ బెర్తియోన్ 1880ల్లో స్థిరపరిచిన పద్ధతి అది. తల ఎటు తిప్పాలో కూడా ఆ మనిషి ఇష్టం కాదు. శిక్ష ముగిసి మనిషి బయటికొచ్చినా ఫొటో ఫైల్లోనే ఉండిపోతుంది. అలాంటివాళ్ల ముందు మళ్లీ ఏ మొహం పెట్టుకుని కెమెరా ఎత్తాలి?

ఆ ఇబ్బందిని దాచకుండా పని చేసింది ఫొటోగ్రాఫర్ టారిన్ సైమన్. ఆమె పుస్తకం 'ది ఇన్నొసెంట్స్' 2003లో వచ్చింది. అందులో ఉన్నవాళ్లు అమెరికాలో చెయ్యని నేరానికి శిక్ష పడి, ఏళ్లు గడిచాక నిర్దోషులని తేలినవాళ్లు. వాళ్లను ఆమె నేరం జరిగిన చోట, అరెస్టయిన చోట, లేదా నేరం జరిగిన వేళ వాళ్లు నిజంగా ఉన్న చోట ఫొటో తీసింది. మరణశిక్ష పడి 18 ఏళ్లు జైల్లో గడిపిన చార్లెస్ ఫెయిన్ ఐడహోలో స్నేక్ నది దగ్గర కనిపిస్తాడు. నేరం జరిగింది అక్కడ. ఫ్రెడరిక్ డే తన మీద మోపిన నేరం జరిగిన సమయానికి శాన్ డియేగోలో మాజీ సైనికుల క్లబ్బులో ఉన్నాడని 13 మంది చెప్పినా పదేళ్లు లోపలే ఉన్నాడు. వీళ్లలో చాలామందిని జైలుకు పంపింది కూడా ఫొటోయే. పోలీసులు చూపించిన ఫొటోల్లోంచి బాధితులు ఒక ముఖాన్ని గుర్తిస్తారు. తర్వాత అనుమానితులను వరుసలో నిలబెట్టినప్పుడు మళ్లీ అదే ముఖం. అప్పటికి అసలు నేరస్తుడి ముఖం జ్ఞాపకంలోంచి చెరిగిపోయి, ఈ ముఖం అక్కడ కూర్చుంటుంది.

అయినా నిర్దోషి మీద జాలిపడటం తేలికే. అతను తప్పు చెయ్యలేదు, మనమూ చెయ్యలేదు, తప్పంతా వ్యవస్థది. ఒక నిట్టూర్పు విడిచి పేజీ తిప్పేయొచ్చు.

సారా బెన్నెట్ ఫొటోలు అలా తిప్పనివ్వవు. న్యూయార్క్‌లో నిందితుల తరఫున వాదించిన లాయరు ఆమె. ఎక్కువగా హత్య కేసుల్లో దీర్ఘకాలం శిక్ష అనుభవించి బయటికొచ్చిన మహిళలను వాళ్ల పడకగదుల్లోనే ఫొటో తీసింది. మంచం, దుప్పటి, గోడ. మంచం జైల్లోనూ ఉండేది. కానీ ఎప్పుడు దీపం ఆర్పాలో, ఎప్పుడు లేచి లెక్కకు నిలబడాలో అక్కడ ఇంకొకరు చెప్పేవాళ్లు. ఇక్కడ ఏ దుప్పటి పరచాలో తనిష్టం. గేటు దగ్గర కౌగిలింతలు, ఆనందబాష్పాలు ఈ ఫొటోల్లో లేవు. నాకు అదే నచ్చింది. బయటి జీవితమంటే పెరోల్ ఆఫీసులో పడిగాపులు, గుర్తింపు కార్డు కోసం తిరగడం, ఉద్యోగం దరఖాస్తులో పాత కేసు గురించి అడిగే గడి దగ్గర పెన్ను ఆగడం. వీటిని ఫొటో తీసినా ఎవరు చూస్తారు?

ఒక్కటి మాత్రం నాకు తెగలేదు. ఆ కేసుల్లో చనిపోయినవాళ్లకూ ఒక పడకగది ఉండేది. దాన్నీ ఇందులో చేర్చమని బెన్నెట్‌ను అడగడం న్యాయం కాదు. ఆమె తలపెట్టిన పని అది కాదు. కోర్టు వేసిన జైలు శిక్ష అనుభవించి బయటికొచ్చాక కూడా ఒక మనిషి మంచం మీద స్థిమితంగా కూర్చోవడం మనం ఓర్చుకోలేకపోతే, మనమే ఇంకో శిక్ష వేస్తున్నట్టు. ఇది నేను నమ్మిన మాటే. కానీ చనిపోయినవాళ్ల ఇంటికెళ్లి, వాళ్ల అమ్మ ఎదుట నిలబడి ఇదే మాట అనగలనా అంటే, అనలేను.